ప్రొఫీరా బండిలో వేసిన సొమ్ము

ప్రొఫీరాకు బండి తోలడం నేర్పింది తండ్రే. ఊరి సమష్టి వ్యవసాయ క్షేత్రంలో బీటు దుంపల లారీ నడిపేవాడాయన. కొడుకు పుట్టలేదన్న కచ్చ తీర్చుకోవడానికి కూతుర్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, గేరు కరకరమన్న ప్రతిసారీ పానాతో వేలి కణుపుల మీద కొట్టేవాడు. ఏడిస్తే ఇంకో దెబ్బ. అందుకని ఆమె ఏడవకుండా నేర్చుకుంది. లారీ తోలడం కన్నా అదే ముందు వచ్చింది.

పెళ్ళి చేసుకున్న సెరాఫిమ్ చెయ్యెత్తే మనిషి కాదు. కోపం వస్తే బయటికి పోయి కట్టెలు కొట్టేవాడు. చలికాలానికి వాళ్ళింట్లో కట్టెలకు ఎప్పుడూ కొదవ లేదని ఊళ్ళో నవ్వుకునేవారు. మొగుడిలో ప్రొఫీరాకు మొదట నచ్చిన సంగతి అదే. ఆఖరు దాకా నచ్చిన సంగతీ అదే.

క్షేత్రం ముక్కలైపోయి, జీతం బదులు చక్కెర బస్తాలిచ్చే రోజులు వచ్చాక రాకోవెని ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇటలీ దారి పట్టారు. ప్రొఫీరా కూడా వెళ్ళింది. పాదోవాలో మంచం పట్టిన ఒక ముసలి కసాయివాడికి తిండి పెట్టి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చే పని దొరికింది. సూపు వేడి తగ్గితే గిన్నె మొహాన కొట్టేవాడు. ఆమె ఎడమ కనుబొమ్మ మీది మచ్చ అలా వచ్చిందే. రక్తం తుడుచుకుని సూపు మళ్ళీ వేడి చేసి పెట్టేది. నెల జీతం ఆ ముసలివాడి కోడలు కవరులో పెట్టి ఇచ్చేది.

ఆ కవరు ఇంటికి చేర్చడమే అసలు తిప్పలు. బ్యాంకు వాళ్ళు కాగితాలు అడిగేవారు. కాగితాలు ఉంటే ఇంకేం, ముసలి కసాయివాడి పక్క ఎందుకు మారుస్తుంది? దేశాలకు డబ్బు పంపే పసుపు రంగు బోర్డు ఆఫీసులో కాగితం అడిగీ అడగనట్టు ఉండేవారు కానీ, పంపిన దాంట్లో పదో వంతు అక్కడే అరిగిపోయేది. పైగా ఆదివారం తలుపు మూసేవారు, వీళ్ళకు సెలవు దొరికేది ఆదివారమే. అటు ఊళ్ళో తల్లి ఆ డబ్బు అందుకోవడానికి బస్సెక్కి పట్నం పోయి, మోకాళ్ళు పట్టుకుని లైన్లో నిలబడాలి. అందుకే సెరాఫిమ్ తమ ఆవునూ, మామగారి ద్రాక్షతోట వాటానూ అమ్మి ఒక తెల్ల వ్యాను కొన్నాడు.

ఆదివారం పొద్దున స్టేడియం వెనక ఖాళీ స్థలంలో వాళ్ళ దేశపు బళ్ళన్నీ బారులు తీరేవి. ఆడవాళ్ళు నూనె డబ్బాలు, కాఫీ పొట్లాలు, సబ్బు పొడి సంచులు మోసుకొచ్చేవారు. రవికలో దాచిన కవర్లు తీసి ఇచ్చేవారు. సెరాఫిమ్ వందకు రెండు తీసుకుని, కవరును తల్లి చేతికో, పిల్లల చేతికో నేరుగా ఇచ్చేవాడు. తిరిగి వచ్చేటప్పుడు జున్ను, ఊరగాయ టమాటాలు, అక్రోటు మిఠాయి సీసాలు, ఇంటి కబుర్లు తెచ్చేవాడు. బ్యాంకు మేలు కదా అని ఇటలీ వాళ్ళెవరైనా అడిగితే ఆడవాళ్ళు నవ్వేవారు. మా అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయో బ్యాంకువాడు చూసొచ్చి చెప్తాడా అనేవారు.

ఆ స్థలానికి కొస్త్యా వచ్చాడు. వాళ్ళ దేశపువాడే, ఏ ఊరో ఎవరికీ తెలీదు. ముక్కు ఒకప్పుడు విరిగి పక్కకు అతుక్కుంది. బండికింత అని ప్రతి ఆదివారం కట్టాలన్నాడు. ఎందుకని అడిగితే, దొంగల భయం లేకుండా అన్నాడు. ఇక్కడ దొంగలెవరున్నారని ఎవరో అడిగారు. ఆ ఎవరో రెండు పళ్ళు అక్కడే ఉమ్మేశాడు. దాంతో ఒక్కో డ్రైవరూ జేబులో చెయ్యి పెట్టాడు. సెరాఫిమ్ పెట్టలేదు. ఈ డబ్బు నాది కాదు, ఆడవాళ్ళది, అందులోంచి నీకిచ్చే అధికారం నాకు లేదు అన్నాడు, కోపం లేకుండా.

పట్టపగలు, చర్చి గంటలు మోగుతుండగా, రెండు బళ్ళ మధ్య సందులో పడేసి కొట్టారు. కొట్టినవాళ్ళు కొస్త్యా మనుషులు ముగ్గురు. బూటు కాళ్ళతో డొక్కలో తన్నుతుంటే నూనె డబ్బా ఒకటి పగిలి నేలంతా జారుడైంది. లేవబోయిన ప్రతిసారీ ఆ నూనెలో చేతులు జారి సెరాఫిమ్ మళ్ళీ పడ్డాడు. అది చూసి వాళ్ళలో ఒకడు పగలబడి నవ్వాడు. ఆడవాళ్ళు అరవలేదు, పోలీసులొస్తే ముందు పట్టుకుపోయేది వాళ్ళనే. పక్క బండి జహారియాది. జహారియా, ప్రొఫీరా కూతురికి నామకరణం నాడు చేతులమీద ఎత్తుకున్న మనిషి, ఆ ఇంటికి అయినవాడి కన్నా ఎక్కువ. అతను కిటికీ అద్దం పైకి ఎత్తుకున్నాడు.

లోపల ఏదో తెగింది, రెండు రోజులకు సెరాఫిమ్ పోయాడు. తర్వాత పోలీసులు వచ్చి అడిగితే, చూసిన వాళ్ళంతా చూడలేదన్నారు.

శవాన్ని సొంత బండిలోనే ఊరికి తీసుకెళ్ళారు. జహారియా శవపేటిక ముందు కొమ్ము భుజాన మోశాడు. మట్టి వేశాక ప్రొఫీరా ఆచారం ప్రకారం పోయినవాడి పేరున చుట్ట రొట్టె, దాని మీద కొవ్వొత్తి, కింద తువ్వాలు పెట్టి ఇస్తే రెండు చేతులా అందుకుని ‘బొగ్దాప్రోస్తె’ అన్నాడు. పోయినవాళ్ళను దేవుడు మన్నించుగాక అని. ఎప్పుడో డిఫ్తీరియా వచ్చి బతికిన గొంతు అతనిది. మాటకు ముందు గరగరమని ఒక శబ్దం వస్తుంది. ఏడిస్తే ఆ గరగర ఇంకా పెరిగింది.

పై ఆదివారం ఆ తెల్ల వ్యాను అదే చోట నిలబడింది, సెరాఫిమ్ లాగే డ్రైవరు వీసా రాయించుకుని, తలుపు తీసుకుని ప్రొఫీరా దిగింది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు కానీ కవర్లు తీయలేదు. వాళ్ళలో అందరికన్నా పెద్దది అగాఫియా, పళ్ళు లేని నోరు మూసుకోదు. బండి పల్లంలో పోతుంటే కళ్ళు మూసుకుంటావా ఏమే అని అడిగింది. మా నాన్న కొట్టిన దెబ్బలకి కళ్ళు మూతపడవు పిన్నీ అంది ప్రొఫీరా. అందరూ నవ్వారు. నవ్వాక కవర్లు బయటికొచ్చాయి. వాటిని ఆమె స్వెటరు కింద కట్టుకున్న గుడ్డ దట్టీలో దోపుకుంది. ఒక్కటి ఇంటికి చేరకపోయినా మళ్ళీ ఎవరూ ఇవ్వరు. ఇవ్వకపోతే వాళ్ళకు పసుపు బోర్డే దిక్కు, లేదా కొస్త్యాకు కట్టే బళ్ళు దిక్కు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

కొస్త్యా వచ్చి అడిగాడు. ఆమె సంచులు ఎక్కిస్తూ ఉండిపోయింది. బండి అద్దం విరగ్గొట్టాడు. ఇంకో సంచి ఎక్కించింది. చెంప మీద కొడితే పడి, లేచి, కింద పడిన కాఫీ పొట్లం దులిపి లోపల పెట్టింది. ఒక ఆదివారం టైర్లు కోశాడు. ఇంకో ఆదివారం సీటు మీద పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీశాడు. తడి దుప్పటి వేసి ఆర్పి, చేతులు బొబ్బలెక్కినా, ఆ కాలిన స్ప్రింగుల మీద గోనె పరుచుకుని హంగరీ మీదుగా ఇంటిదాకా తోలుకెళ్ళింది. కొస్త్యాకు ఏం చేయాలో తోచక కాదు, అక్కడ ఇంకో చావు అయితే పోలీసులు స్థలమే మూసేస్తారని ఊరుకున్నాడు. మూస్తే అందరి దగ్గరా వచ్చే వసూలు పోతుంది.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. కొస్త్యాకు కట్టడం కోసం మిగతా బళ్ళవాళ్ళు వందకు ఐదు తీసుకోవడం మొదలుపెట్టారు. ప్రొఫీరా రెండు దగ్గరే ఉంది. ఇంకేముంది, ఆడవాళ్ళంతా ఆమె బండి ముందే. జహారియా బండి సగం ఖాళీగా పోయేది. అతని పెళ్ళాం వర్వారా కూడా పాదోవాలోనే ఒక ముసలమ్మను చూసుకునేది. వచ్చిన కొత్తలో ఆమె, ప్రొఫీరా ఒకే మంచం మీద తల ఒకరు, కాళ్ళు ఒకరు పెట్టుకుని పడుకున్నవాళ్ళే. ఇప్పుడు ఆదివారాలు మొగుడి బండి దగ్గర నిలబడి ఇటు చూడకుండా చూసేది.

పాస్కాకు, అంటే ఈస్టర్ పండుగకు, ముందు ఆదివారం జహారియా వచ్చి ప్రొఫీరా బండికి ఆనుకున్నాడు.

“నువ్వు రెండుకి మోస్తుంటే మేం గోళ్ళు గిల్లుకోవాలా?” అన్నాడు.

“నువ్వూ రెండుకి మొయ్యి బావా. ఎవరొద్దన్నారు?”

“కొస్త్యాకి ఎవరిస్తారు?”

“నీ ఇష్టం. నీ పెళ్ళాం జీతంలోంచి ఇస్తావో, వీళ్ళ జీతాల్లోంచి ఇస్తావో.”

అతను గరగరమని గొంతు సవరించుకుని పక్కకు ఉమ్మాడు. “సెరాఫిమ్ లాగే పోతావే.”

“పోతే పోతా. అద్దం ఎత్తుకోవడం నీకు అలవాటేగా.”

పాస్కా వెళ్ళిన వారానికి పోయినవాళ్ళ పాస్కా వస్తుంది. ఆ రోజు సమాధుల మీదే బల్లలు వేసి తింటారు, పోయినవాళ్ళ పేరున ఎదురుపడ్డ ప్రతివాడికీ ఏదో ఒకటి ఇస్తారు. ఏడాది మొత్తంలో ఎక్కువ సొమ్ము ఇంటికి పోయేది అప్పుడే. ప్రొఫీరా బండి పైకప్పు దాకా కప్పులు, తువ్వాళ్ళు, కొవ్వొత్తులు, మిఠాయిలతో నిండిపోయింది. దట్టీ ఉబ్బి, నెలలు నిండినదానిలా కనిపించింది. ముందు సీట్లో అగాఫియా కూర్చుంది. ఇన్నేళ్ళూ రాలేక, మొగుడి సమాధి చూడడానికి కాగితాలు లేకుండానే బయల్దేరింది. మళ్ళీ రానిస్తారో లేదో తెలియదు. ఒళ్ళో చుట్ట రొట్టె, కొవ్వొత్తి, తువ్వాలు మూట. పాదోవాలో తనే కాల్చింది, నలుగుతుందని వెనక పెట్టనివ్వలేదు.

రుమేనియా కొండల్లో, మధ్యాహ్నం, చినుకులు పడుతుండగా, మలుపు తిరిగేసరికి ఒక కారు దారికి అడ్డంగా ఉంది. ప్రొఫీరా వెనక్కి తీయబోయింది. వెనక అద్దంలో ఒకడు దుంగ దొర్లిస్తున్నాడు.

ముగ్గురూ ఉన్ని ముసుగులు వేసుకున్నారు. దిగు దిగు అని వచ్చీరాని ఇటాలియన్‌లో అరిచారు. తలుపు లాగి జుట్టు పట్టి బయటికి ఈడ్చారు. పొడుగువాడి చేతిలో ఇనప కడ్డీ ఉంది. మొదటి దెబ్బ తొడ మీద పడింది, రెండోది మొహం మీద. చెంప ఎముక దగ్గర ఏదో చిట్లిన చప్పుడు ఆమెకే వినిపించింది. బురదలో బోర్లా పడ్డాక వీపు మీద మోకాలు పెట్టి, వెతకలేదు, ఏమీ అడగలేదు, సరాసరి స్వెటరు ఎత్తి దట్టీని కత్తితో కోశారు. కత్తి దట్టీతో పాటు నడుం చర్మాన్నీ కోసింది. అడక్కుండా ఎలా తెలిసిందని ఆమె మనసుకు తట్టింది కానీ, నోట్లో బురద, కళ్ళలో రక్తం.

అగాఫియా బండిలోంచి దిగింది. ఎవరూ దిగమనలేదు. భయానికి మతి పోయిందో, ఇక చావే అనుకుందో, ఆ వయసు ఆడది సమాధుల దగ్గర ఎదుటివాణ్ణి చూసి చేసే పనే చేసింది. తనకు దగ్గర్లో నిలబడి ఉన్న ముసుగువాడి ముందుకు పోయి, మూట విప్పి, తువ్వాలు పరిచి, రొట్టె మీద కొవ్వొత్తి నిలబెట్టి రెండు చేతులా చాచింది.

“మా ఆయన పేరున బాబూ. తీసుకో.”

పోయినవాళ్ళ పేరున ఇచ్చింది వద్దనకూడదు. నడక రాకముందే ఆ దేశపు పిల్లలకు ఆ సంగతి చేతులకు పట్టిస్తారు. ముసుగువాడు చేతిలో కర్ర చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ చాచి రొట్టె అందుకున్నాడు. గొంతులో గరగరమంది.

“బొగ్దాప్రోస్తె,” అన్నాడు.

అన్నాక అతనికే తెలిసింది ఏమన్నాడో. రొట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ప్రొఫీరా బురదలో పళ్ళు బిగబట్టింది. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పైకి అంటే ముసుగు తీసేసినట్టే, తీశాక చంపక వాళ్ళకు వేరే దారి ఉండదు. అగాఫియాకు ఇంత ఆలోచన లేదు. సొంత భాష వినపడేసరికి ఆమె మొహం తేటపడింది. ఆ ఊళ్ళలో ఎవరు ఎదురుపడినా అడిగే మాటే అడిగింది.

“ఎవరి పిల్లాడివి నాన్నా నువ్వు?”

పొడుగువాడు బూతు తిట్టాడు, ఈసారి ఇటాలియన్ కాదు. ఒక్క అంగలో వచ్చి ముసలామె తల మీదకు కడ్డీ ఎత్తాడు. ప్రొఫీరా ఎలా లేచిందో ఆమెకే తెలియదు. కుడి చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేతి ఎముక రెండయింది, చెయ్యి మధ్యలోంచి వేలాడింది. మీద పడి తన్నాడు, కడుపులో, పక్కటెముకల మీద, ఒకటి రెండు అని లేదు. రొట్టె పట్టుకున్నవాడు కదల్లేదు. మూడోవాడు కారు హారను నొక్కేసరికి అందరూ ఎక్కేశారు. దట్టీ వాళ్ళతో పోయింది. రొట్టె కూడా పోయింది.

అగాఫియా తన తలగుడ్డ తీసి ప్రొఫీరా చెయ్యి మెడకు కట్టింది.

“వద్దనలేదు చూశావా,” అంది. “మంచి ఇంటి పిల్లాడే అయ్యుంటాడు.”

ప్రొఫీరా ఒక చేత్తో స్టీరింగు పట్టింది. గేరు వేసేది అగాఫియా. రెండు అంటే రెండు, మూడు అంటే మూడు. గేరు కరకరమన్నప్పుడల్లా ముసలామె తనే తిట్టుకునేది. ప్రూత్ నది దగ్గర సరిహద్దు మనిషి ఆ మొహం చూసి ఏమైందన్నాడు. మెట్ల మీంచి పడ్డానంది. ఏం మెట్లమ్మా అవి అని నవ్వి ముద్ర కొట్టాడు. పోలీసుల దగ్గరకు పోదామని అగాఫియా గొణిగింది. పోతే, ఆ సొమ్ము ఎవరిది, ఏ కాగితం మీద మోస్తున్నావు అని మొదట అడుగుతారు. ఆడవాళ్ళందరి పేర్లూ చెప్పాలి. ప్రొఫీరా ఆ మాట వినపడనట్టు మూడు అంది.

రాకోవెనిలో ముసలామెను దింపి, తన ఇంటికి పోకుండా జహారియా ఇంటికి తిప్పింది. సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. పెరట్లో అక్రోటు కొమ్మకు గొర్రెపిల్లను తలకిందులుగా వేలాడదీసి జహారియా తోలు వలుస్తున్నాడు. మోచేతుల దాకా రక్తం. అరుగు మీద అతని తల్లి పిండి పిసుకుతోంది. ప్రొఫీరా టైర్లు విప్పే ఇనప రాడ్డు ఎడమ చేత్తో పట్టుకుని గేటు తోసింది.

“అయ్యో, ఏమైందే ఇది!” అన్నాడు, ఆ గరగర గొంతుతో.

“సొమ్ము తే.”

“ఏ సొమ్ము? ఏం మాట్లాడుతున్నావు నువ్వు?”

“రొట్టె తిన్నావా బావా?” అంది.

అతని మొహం గోడకు కొట్టిన సున్నంలా అయిపోయింది. చేతిలోని కత్తి పైకి లేచింది. ఆమె రాడ్డు అంతకన్నా ముందే దిగింది, మోకాలి చిప్ప మీద. పడుతూ కత్తి ఊపితే ఆమె పిక్క చీరుకుపోయింది. కత్తి పట్టిన మణికట్టు మీద కాలు వేసి నిలబడి మళ్ళీ కొట్టింది. గొర్రెపిల్ల కింద పెట్టిన బేసిను దొర్లి, ఆ రక్తంలో అతను పొర్లాడు. తన వాటా పొయ్యి వెనకాల ఉందని అరిచాడు. మిగతాది కొస్త్యా పట్టుకుపోయాడన్నాడు. దట్టీలో పెట్టుకుంటావని తనే చెప్పానన్నాడు. చంపడానికి ఒప్పుకోలేదు, కొట్టడానికే ఒప్పుకున్నానన్నాడు. చెప్పాల్సింది అంతా చెప్పేశాడు.

చెప్పాక కూడా ప్రొఫీరా కొట్టింది. అదే కాలి మీద, అదే చోట. రెండో కాలి మీద. అవతల ఎముక మెత్తబడటం చేతికి తెలుస్తోంది. ఆపాలని అనిపించలేదు. సెరాఫిమ్ గుర్తుకు రాలేదు, ఆడవాళ్ళు గుర్తుకు రాలేదు. చెయ్యి పైకి లేవడం, కిందికి దిగడం బాగుంది, అంతే.

అరుగు మీది తల్లి కేకలు పెట్టలేదు. పిండి చేతులతోనే దిగి వచ్చి, రాడ్డు అందే దూరంలో నిలబడింది.

“చాలమ్మా,” అంది. “వాడేం చేశాడో నేనడగను. వాడు నా బిడ్డ.”

రాడ్డు గాలిలోనే ఆగింది. ముసలామె లోపలికి పోయి పొయ్యి వెనకనుంచి సంచి తెచ్చి ఇచ్చింది. మీద ఆమె వేళ్ళ పిండి అంటుకుంది. కొస్త్యా పట్టుకుపోయిన దానికి బదులు జహారియా బండి తాళం కూడా తనే మేకు మీంచి తీసి ఇచ్చి, కొడుకు వేళ్ళ మధ్య కలం పెట్టి అమ్మకపు కాగితం మీద సంతకం పెట్టించింది.

మర్నాడు పట్నం బజారులో ఆ బండి సగం ధరకు పోయింది. వచ్చిన దానితో, పొయ్యి వెనక సంచితో, ప్రొఫీరా ఇంట్లో మిగిలిన కాసింతతో అన్ని ఇళ్ళదీ సరిపోయింది. చెయ్యి చెక్కలు వేసి కట్టించుకుని, సమాధుల దగ్గర జనం చేరకముందే గడప గడపకూ తిరిగి ఇచ్చింది. పగిలిన మొహం చూసి ఎవరూ ఏమీ అడగలేదు. కొందరు సారా పోసి ఇచ్చారు. కొందరు డబ్బు అందుకుని గబుక్కున తలుపేసుకున్నారు. జహారియా నిచ్చెన మీంచి పడ్డాడని ఊళ్ళో చెప్పుకున్నారు. ప్రొఫీరా మెట్ల మీంచి పడింది. ఆ ఊళ్ళో ఆ పండుగకు ఎక్కడివాళ్ళు అక్కడ పడ్డారని ఒక కుంటి తాత నవ్వాడు, ఇంకెవరూ నవ్వలేదు.

చెయ్యి కట్టు విప్పాక మళ్ళీ పాదోవా వెళ్ళింది. కొస్త్యా దూరంగా నిలబడి చూశాడు. దగ్గరికి రాలేదు. భయపడ్డాడని ఎవరూ అనుకోలేదు. మిగతా బళ్ళవాళ్ళు కడుతున్నారు, అతనికి అది చాలు. ఆడవాళ్ళు మాత్రం మారిపోయారు. లైను ఇంతకు ముందుకన్నా పెద్దదైంది, మాటలు తగ్గిపోయాయి. కవరు ఇచ్చి, పేరు చెప్పి, ఆమె చేతుల వైపు చూసి పక్కకు తప్పుకునేవారు. పల్లం రోడ్డు మీద వేళాకోళం ఆడటానికి అగాఫియా లేదు. సరిహద్దు దగ్గర ఆమెను వెనక్కి రానివ్వలేదు.

ఒక ఆదివారం లైను చివర వర్వారా నిలబడి ఉంది. మధ్యలో ఇద్దరు ముగ్గురు ఆమెకు దారి ఇవ్వబోయినా ముందుకు రాలేదు. తన వంతు వచ్చేదాకా ఆగింది.

“ఎంత తీసుకుంటావు?” అంది.

“అందరి దగ్గరా ఎంతో అంతే.”

“నిన్న ముసలమ్మను పడుకోబెట్టి పసుపు బోర్డు దగ్గరికి పోయాను. వాళ్ళ ద్వారా పంపితే మందుల డబ్బులో పెద్ద ముక్క వాళ్ళకే పోతుంది. ఐదు తీసుకునే బళ్ళవాళ్ళకి ఇవ్వాలంటే ఒళ్ళు మండింది, ఆ ఐదు ఎవడికి పోతుందో తెలుసు కాబట్టి.” కవరు ఇంకా చేతిలోనే పెట్టుకుంది. “నీకివ్వాలని లేదు నాకు.”

“తెలుసు.”

“ఆయన ఏం చేశాడో అత్త చెప్పింది. చేసింది తప్పే. అయినా, ఆయన చెప్పేశాక కూడా కొట్టావట.”

ప్రొఫీరా అవునంది.

“నడుస్తాడా? అబద్ధం చెప్పకు.”

“కర్ర పట్టుకుని నడుస్తాడు. ఎడమది వంగదు.”

వర్వారా కవరు చాచింది. ప్రొఫీరా అందుకోబోతే వదల్లేదు. ఇద్దరి వేళ్ళ మధ్య అది కాసేపు అలాగే నిలిచింది.

“అత్త చేతికివ్వకు,” అంది వర్వారా. “ఆయన చేతికే ఇవ్వు. నువ్వే వెళ్ళి ఇవ్వు.”

“ఆయన చేతికే ఇస్తా,” అంది ప్రొఫీరా.

అప్పుడు వదిలింది. ప్రొఫీరా స్వెటరు ఎత్తి, నడుం మీది కోత మచ్చ కనిపిస్తుండగానే, మిగతావాళ్ళ కవర్లతో పాటు దాన్నీ దట్టీలో దోపి ముడి వేసింది. ముడి గట్టిగా పడిందో లేదో వర్వారా వంగి చూసింది. తర్వాత బస్సు స్టాపు వైపు నడిచింది. లైనులో ఇంకెవరూ లేరు. ప్రొఫీరా బండి వెనక తలుపు మూసి, స్టీరింగు ముందు కూర్చుని, కుడి చెయ్యి ఇంకా సరిగా తిరగక, కుడి పక్కనున్న గేరును ఎడమ చెయ్యి అడ్డంగా చాచి వేసుకుని బయల్దేరింది.